బావ స్కూటరూ, డాక్టరమ్మ వైవా

జూన్ 3

అక్క కూతురికి డాక్టరేట్ ఇంకా రాలేదు కానీ నేను అప్పుడే డాక్టరమ్మా అని పిలుస్తున్నాను. కథల్లో, సినిమాల్లో గేలనీ లెస్బియన్లనీ ఎలా చూపించారన్నది దాని థీసిస్. పదో తరగతి తప్పి పార్లర్ పెట్టుకున్నదాన్ని, నాకెందుకు ఇవన్నీ? అయినా పక్కన కూర్చుని సినిమాలన్నీ చూశాను. నాకు ఏడుపొచ్చే సమయానికి అది పాజ్ నొక్కి నోట్స్ రాసుకుంటుంది. మనిషి కాదు.

జూన్ 5

కూతురిది పాత సినిమాల్లో బట్టల మీద రీసెర్చ్ అని బావ, అదే డాక్టరమ్మ నాన్న, అందరికీ చెప్పుకుంటున్నాడట. గొంతు మార్చి ఫోన్ చేశాను. బట్టల షాపు నుంచి, మీ అమ్మాయి సలహా కావాలి అన్నాను. ఎంత తడబడ్డాడో.

జూన్ 8

నవ్వు ఆగింది. ఆ సినిమాల్లోది తన కథ కూడా అని డాక్టరమ్మ పోయిన ఏడాది వాళ్ల నాన్నకి చెప్పింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు అన్నం తిన్నావా వరకే. శుక్రవారం వైవా, థీసిస్ మీద ఆఖరి పరీక్ష. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చట, ప్రశ్నలు కూడా అడగొచ్చట. నాన్న వస్తే చాలు పిన్నీ, డిగ్రీ సంగతి తర్వాత అంది. బావనడిగితే పనుందన్నాడు. రిటైరైనవాడికి పనట.

జూన్ 11

ఆయన రాడు. ఆయన స్కూటర్ వస్తుంది.

జూన్ 12, ఉదయం

మార్కెట్‌కని చెప్పి బండి తెచ్చేశాను. దాన్ని సొంత కిడ్నీలా చూసుకుంటాడు. కాలేజీ గేటు దగ్గర పెట్టి ఫోన్ చేశాను. తాళం నా పర్సులో ఉంది, నేను హాల్లో ముందు వరసలో ఉన్నాను, కావాలంటే లోపలికొచ్చి తీసుకోమన్నాను. తిట్టాడు. కొన్ని కొత్తవి.

జూన్ 12, సాయంత్రం

హెల్మెట్ పట్టుకుని వచ్చాడు. తలుపు పక్కన, ఆఖరి వరసలో కూర్చున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని చూసి గ్లాసుడు నీళ్లు తాగింది. ఆ తర్వాత ఆగితే ఒట్టు.

ఒక సినిమా ముక్క వేసింది. ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి మడతపెడుతుంటారు. మూలలు కలిసినప్పుడల్లా వేళ్లు కలుస్తాయి. సెన్సార్‌కి దుప్పటి కనబడింది, మనకి వాళ్లు కనబడాలి అంది. నేను ఈల వేయబోయి ఆగాను. సగంలో.

ప్రశ్నలున్నాయా అన్నారు. బావ లేచాడు. హెల్మెట్ పొట్టకి ఆనించుకుని, అందరి ముందూ అడిగాడు.

"ఇందాకటి నుంచి వింటున్నానమ్మా. ప్రతి కథలోనూ వాళ్లని చంపడమో విడదీయడమో. సుఖంగా బతికినట్టు ఎవరూ రాయలేదా?"

"రాశారు నాన్నా. తక్కువే. నా ఆఖరి చాప్టర్ వాళ్ల గురించే."

"అయితే అది చెప్పు. కూర్చుంటా."

వైవాలో నాన్నా అనకూడదేమో. అనేసింది. పక్కనున్న ప్రొఫెసర్ కర్చీఫ్ లాక్కున్నాను. తిరిగివ్వలేదు.

ఇప్పుడు నిజంగానే డాక్టరమ్మ. నా డాక్టరమ్మ.

జూన్ 13

నిన్న గేటు దగ్గరికొస్తే బండి లేదు. తండ్రీ కూతుళ్లు దాని మీదే వెళ్లారని వాచ్‌మన్ చెప్పాడు.

తాళం ఇంకా నా పర్సులోనే ఉంది. జేబులో డూప్లికేట్ పెట్టుకుని, అంతసేపూ కూర్చున్నాడు.

నడిచి ఇంటికొచ్చాను. ఎంతైనా మా బావ.