ఫ్రెంచి పడవకు లారీ వైరింగు

పాండిచ్చేరి,
ఆదివారం

ప్రియమైన క్రిస్టినాకు,

నువ్వు ఫోన్ పెట్టేశావు గనుక రాస్తున్నాను. జయకృష్ణ లారీ రేపు ఆటోనగర్ తిరిగి వస్తోంది, ఉత్తరం అతనే ఇస్తాడు. కోపం కాసేపు పక్కన పెట్టి చదువు.

వైరింగుకని నన్ను పిలిపించిన ఈ పడవ చేపల పడవ కాదు. తెరచాపలతో దేశాలు తిరిగేది. యాభై ఏళ్ళ కిందట ఫ్రాన్సులో చేశారట, ఇలాంటివి చాలా తక్కువ ఉన్నాయట. ఒళ్ళంతా అల్యూమినియం. అడుగునున్న రెక్కను పైకి లాగేస్తే లోతు లేని నీళ్ళలోనూ నిలుస్తుంది. అంటే నాగాయలంక దగ్గర మన కృష్ణలోకి హాయిగా వస్తుంది. దీని యజమాని, ఫ్రెంచి ముసలాయన, ఇక తిరగలేనని అమ్మేస్తున్నాడు. నన్నే తీసుకోమంటున్నాడు. జనాన్ని ఎక్కించి తిప్పుకుంటే లారీల కింద పడుకునే బతుకు తప్పుతుంది.

నా వైరింగు చూసి ఇక్కడి పడవల యార్డువాళ్ళు మెచ్చుకున్నారు. మన ఆటోనగర్ పద్ధతే: ప్లస్‌కి తీగ లాగి, మైనస్‌ని బాడీకి బిగించేశాను. రెండు నెలలైంది, ఒక్క దీపం కూడా మిణుకుమనలేదు.

సరే అను, చాలు.

నీ యేసుబాబు


గుణదల,
మంగళవారం

ప్రియమైన మీకు,

ఫోన్లో మీ గొంతు వింటే మెత్తబడిపోతాను, అందుకే నేనూ కాగితమే పట్టాను. నాకు భయంగా ఉందండీ. అన్నం సయించడం లేదు. లారీ ఆగిపోతే దిగి రోడ్డు పక్కన నిలబడతారు. సముద్రంలో ఎక్కడ దిగుతారు? బందరు కాలవలో ఈత నేర్చుకోమంటే ఒడ్డున కూర్చుని మరమరాలు తిన్న మనిషి మీరు.

అత్తయ్యకు చెబితే "వాడి పిచ్చి నాలుగు రోజుల్లో దిగుద్దిలేవే" అన్నారు. మీ పిచ్చి దిగడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. కొనొద్దనను. నా గుండె కాస్త కుదుటపడేదాకా ఆగండి.

మీ క్రిస్టినా


పాండిచ్చేరి,
శుక్రవారం

ప్రియమైన పిరికి క్రిస్టినాకు,

సోమవారం పొద్దున ముసలాయనతో కలిసి సముద్రంలోకి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొస్తాం. పడవ సంగతి చూసుకుని, ఆ తర్వాతే మాట ఇస్తాను.

నీ భయం నాకూ అంటుకున్నట్టుంది. పడవలో కింది చెక్క ఎత్తి చూస్తే తడి. తుడిచాను. మర్నాటికి మళ్ళీ తడే. ఇక్కడ వానలు లేవు. మూలల్లో తెల్లటి పొడి కూడా పేరుకుంది. ఉప్పేలే అని ముసలాయన కొట్టిపారేశాడు. నేనూ అలాగే అనుకుంటున్నాను.

యేసుబాబు


గుణదల,
శనివారం

ప్రియమైన మీకు,

అది ఉప్పో కాదో నాలుక మీద వేసుకుని చూశారా? బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లపొడి కనబడితే కింద లోహం పోతున్నట్టేనని మన కొట్లో నాకు నేర్పింది మీరు. పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు. ఎప్పటిలాగే ఎక్కడో పెట్టి మరిచిపోయారు.

సోమవారం ఎక్కే ముందు ఆ పొడి ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. ఏమీ కాకపోతే బతికినంతకాలం నన్ను వెక్కిరించండి. కొండ మీద మాతకు కొవ్వొత్తి పెట్టి వచ్చాను. ఇది జయకృష్ణకిచ్చి, మీ చేతిలోనే పెట్టమన్నాను.

మీ క్రిస్టినా


పాండిచ్చేరి,
సోమవారం

ప్రియమైన క్రిస్టినాకు,

ఫోన్ ఇంకా దొరకలేదు. కాలు పడవలో పెట్టబోతుంటే నీ ఉత్తరం అందింది. పొడిచాను. స్క్రూడ్రైవరు పిడిదాకా దిగింది. నీళ్ళు మొహాన చిమ్మాయి. గుడ్డలు కుక్కి, పడవను ఒడ్డుకు లాగించాం. అడుగంతా చాక్లెట్ కాగితంలా పలచబడిపోయింది.

తప్పు నాది. లారీకి మైనస్ బాడీకి కడితే ఏమీ కాదు. ఉప్పునీళ్ళలో ఉండే అల్యూమినియానికి అలా కడితే కరెంటే లోహాన్ని తినేస్తుందట. మద్రాసు నుంచి వచ్చిన ఇంజినీరు చెప్పాడు. ముసలాయన నా చేతికి టీ గ్లాసు ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నీకు చెప్పనిది ఇంకొకటుంది. నా పని నచ్చి, పక్కనున్న చిన్న పడవవాళ్ళు కూడా కిందటి నెల నాతోనే వైరింగు చేయించుకున్నారు. అదీ అల్యూమినియమే. భార్యాభర్తలు, ఒక పాప. శనివారం అండమాన్‌కు బయలుదేరారు. ఇందాకటి నుంచి రేడియోలో పిలుస్తున్నాం, పలకడం లేదు. ఆ రేడియోకు కరెంటు వెళ్ళేది కూడా నేను లాగిన తీగల మీదే.

కోస్టుగార్డు ఓడ వెతకడానికి వెళ్తోంది. ఏ తీగ ఎక్కడ బిగించానో నాకు తప్ప ఎవరికీ తెలియదు, అందుకని నన్నూ రమ్మన్నారు. వెళ్తున్నాను.

పాప పేరు నేను అడగలేదు. ఉత్త పాప అని చెప్పి ప్రార్థన చెయ్యి.

యేసుబాబు