భీవండి పేజీలో ఏకాదశి

నాంపల్లి, మంగళవారం

ప్రియమైన సుశాంత్‌కు,

ఫోన్ ఎత్తడం లేదు, అందుకే మెయిల్. పంచాంగం పేజీలు నా ప్రాణం తీస్తున్నాయి. పేజీలు కట్టే నా స్టైల్‌షీట్ ఒక్కో తేదీ దగ్గర ఆగి, నువ్వు రాసిన తిథి లెక్కల కోడ్‌ను పిలుస్తోంది. లెక్క క్షణంలో అవుతుంది, అక్కడిదాకా పోయి రావడానికే రోజులు పడుతున్నాయి. శుక్రవారానికి అన్ని ఊళ్ళ పేజీలూ ఇవ్వకపోతే వచ్చే ఏడు పని వేరేవాళ్ళకు ఇస్తానని ప్రెస్ ఓనరు వామన్‌రావు గారు ఆబిడ్స్ ఆఫీసులో అందరి ముందూ అనేశారు. అప్పట్నుంచీ కూర్చోబుద్ధి కావట్లేదు, నిలబడబుద్ధి కావట్లేదు. నువ్వు టైముకు తింటున్నావా?

నీ రశ్మి

పుణె, బుధవారం

రశ్మీ,

మీటింగుల్లో ఇరుక్కుపోయాను, ఏమనుకోకు. అడిగిందే మళ్ళీ మళ్ళీ ఎందుకు అడగడం? ఒక తేదీకి వచ్చిన జవాబు దాచుకుని, ఇంకో ఊరి పేజీలో అదే తేదీ వస్తే దాన్నే వాడేలా కోడ్ మార్చి పంపుతున్నా. పరుగెత్తుతుంది చూడు. నువ్వు బాగానే ఉన్నానని పోయిన నెల చెప్పావు కదా, ఆ ధైర్యంతోనే ఇక్కడ పని చేసుకుంటున్నా.

సుశాంత్

నాంపల్లి, గురువారం

సుశాంత్,

నిజంగానే పరుగెత్తింది. చాయ్ పూర్తయ్యేలోపు పేజీలన్నీ వచ్చేశాయి. వామన్‌రావు గారు నవ్వడం ఇవాళే చూశాను. మీ పుణె వైపు భీవండిలో ఉన్న మన తెలుగు నేతపనివాళ్ళకు పంచాంగాలు అమ్మే బిచ్చయ్యకు వాళ్ళ పేజీ పంపించాం. అయినా నా మనసు కుదురుగా లేదు. నిన్న కూడా నువ్వు ఫోన్ చేయలేదు.

రశ్మి

నాంపల్లి, శుక్రవారం

ప్రియమైన సుశాంత్‌కు,

పొద్దున్నే బిచ్చయ్య ఫోన్. "మేడమ్, గీ ఏకాదశి ఏంది గిట్లున్నది? మా గోడ మీది మరాఠీ క్యాలెండర్ల ఒకరోజు ముందే ఉన్నది" అన్నాడు. చూస్తే అతనిదే నిజం. అది పడమటి ఊరు, అక్కడ మనకంటే ఆలస్యంగా పొద్దు పొడుస్తుంది, అప్పటికి ఏకాదశి వెళ్ళిపోతుంది, అందుకే వాళ్ళకు ముందురోజే. హైదరాబాద్ కోసం దాచిన జవాబే భీవండి పేజీలో పడింది. మనం ఇద్దరం ఊరి సంగతే మరిచిపోయాం. అలాగే అచ్చయితే వాళ్ళు తప్పు రోజున ఉపవాసం ఉండేవారు.

ఊరిపేరు కలిపి దాచినా లాభం లేదు, ప్రతి ఊరికీ ప్రతి తేదీ కొత్త ప్రశ్నే. దాచేదంతా తీసేసి పాత పద్ధతిలోనే నడుపుతున్నా. పేజీలు సోమవారం గానీ రావని వామన్‌రావు గారికి చెప్పేశాను. ఆయన తలెత్తకుండా, వచ్చే ఏడు వేరేవాళ్ళతో చేయించుకుంటామన్నారు. ఏడుపొచ్చింది, కానీ తప్పు పేజీ ఇవ్వలేకపోయాను.

నీ మీద కోపం కోడ్ గురించి కాదు. బాగున్నానని నీకు చెప్పింది పోయిన నెల. ఆ జవాబుతోనే రోజులు వెళ్ళదీస్తున్నావు. ఇప్పుడు నేను బాగాలేను సుశాంత్. ఫోన్ చేసి మళ్ళీ అడుగు.

ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్న
రశ్మి