తమ్ముడు కడతానన్న రాఖీ

ఆగస్టు 4

తమ్ముడు కొత్త పేచీ మొదలుపెట్టాడు. ఈసారి రాఖీ తనే నాకు కడతాడట. సంపాదించి ఇల్లు నడిపేది నువ్వు, నేను నిన్ను రక్షించడమేంటక్కా, కట్టాల్సింది నేనే కదా అన్నాడు. పాప చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వి సరేనన్నాను. యూనిఫామ్ చేతులు కిందికి దించుకుంటే ఎవరికీ కనపడదులే అనుకున్నాను.

టైర్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్ నా కింద ఉంది. అందరూ మగవాళ్లే. మీ తమ్ముడేం చేస్తాడని అడిగితే ఇంటీరియర్ డిజైన్ అని చెప్పాను. మా ఆయన పోయేనాటికి పాప ఇంకా పాకుతోంది. ప్రింటింగ్ ప్రెస్ ఉద్యోగం మానేసి వచ్చిన తమ్ముడు ఇక వెళ్లలేదు. వంటా, పాపా, ఇల్లూ అన్నీ వాడే. ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు.

ఆగస్టు 9, ఆదివారం

నాకు ప్రమోషన్ వచ్చిందని మేనేజర్‌నీ, ఆయన భార్యనీ, మా సెక్షన్‌లో సీనియర్ వర్కర్‌నీ భోజనానికి పిలిచాను. తమ్ముడు పొద్దుటి నుంచి స్టవ్ ముందే. వాడు వడ్డిస్తుంటే మేనేజర్ భార్య కూర తెగ మెచ్చుకుంది. మీ వంటవాడు ఆదివారాలు మా ఇంటికి కూడా వస్తాడా అని నన్నడిగింది.

నోరు తెరిచాను. మాట రాలేదు. కాదు, రానివ్వలేదు.

వాడు నా మొహం చూశాడు. చేతిలో గరిటె అలాగే ఉంది. "మేడమ్‌ని అడిగి చెప్తానండీ" అన్నాడు.

నా తోడబుట్టినవాడు నన్ను మేడమ్ అన్నాడు. నేను మంచినీళ్ల జగ్గు మేనేజర్ వైపు జరిపాను.

ఆగస్టు 10

పొద్దున టీ ఇచ్చాడు. లంచ్ బాక్స్ కట్టి చేతికిచ్చాడు. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 12

మామయ్యకి జీతం ఎంతిస్తావమ్మా అని అడిగింది పాప. దానికి జడ వేస్తున్నది వాడే. దువ్వెన ఆగింది. మళ్లీ కదిలింది. నేను షూ లేసు కట్టుకోవడానికి వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

ఆగస్టు 14

ఉండబట్టలేక టీ టైములో సీనియర్‌తో చెప్పేశాను, ఆ రోజు వడ్డించింది మా తమ్ముడని. తెలుసు మేడమ్ అన్నాడు. భోజనానికి ముందు ఆయన చేతులు కడుక్కుంటుంటే టవల్ అందిస్తూ, మా అక్కంటే ఫ్యాక్టరీలో అందరికీ హడలటగా అని మురిసిపోయాడట వాడు. ఆ తర్వాత టేబుల్ దగ్గర జరిగింది చూసి, ఏం చేయాలో తెలియక సీనియర్ తన ప్లేటులోకి చూసుకుంటూ కూర్చున్నాడట.

లంచ్ బాక్స్ తెరవలేదు. అదీ వాడు కట్టిందే.

ఆగస్టు 19, రాఖీ

తమ్ముడు ఎప్పటిలాగే కుడిచెయ్యి చాపాడు. కట్టాను. తర్వాత నా చెయ్యి చాపాను.

"నేను కొనలేదక్కా" అన్నాడు. "కట్టినా ఫ్యాక్టరీ గేటు దగ్గర విప్పేస్తావు. నీకెందుకొచ్చిన ఇబ్బంది."

కోపంగా అనలేదు. అదే భరించలేకపోయాను. విప్పనురా అనబోయి ఆగాను. నిన్నటిదాకా అయితే విప్పేసేదాన్నే.

సాయంత్రం మేనేజర్ భార్య ఫోన్ చేసింది, వంటవాడి సంగతి ఏం చేశారని. తమ్ముడు పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఈసారి చెప్పాను. వాడు వంటవాడు కాదండీ, మా తమ్ముడు. నా బిడ్డని పెంచేది వాడే. వాడు ఇంట్లో ఉండబట్టే నేను ఉద్యోగానికి రాగలుగుతున్నాను. ఆ రోజే చెప్పాల్సింది, చిన్నతనం అనిపించి చెప్పలేదు.

ఆవిడ, అయ్యో, అతనితో నేను మాట్లాడొచ్చా అంది. ఫోన్ వాడికిచ్చాను. పర్లేదండీ, పర్లేదండీ అన్నాడు. ఫోన్ తిరిగి నా చేతికిచ్చాడు. మిగిలిన ఉల్లిపాయ తరిగాడు.

నా చేతికి ఏమీ కట్టలేదు. అడిగే మొహం నాకూ లేదు.

ఆగస్టు 23, ఆదివారం

తమ్ముడు పొద్దున్నే స్నేహితుల దగ్గరికి వెళ్లాడు. చెప్పి వెళ్లాడు, అడిగి కాదు. వంట నేనే చేశాను. పాప రెండు ముద్దలు తిని లేచిపోయింది. సాయంత్రం వాడొచ్చి కూర గిన్నె మూత తీశాడు, చూశాడు, పెట్టేశాడు. బయట తినొచ్చాలే అక్కా అన్నాడు. నవ్వుతున్నాడేమో, తలెత్తి చూడలేకపోయాను.