పేరు తెలియని ఆకు

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున దీపం పెట్టి, మదనపల్లె ఇంటి వసారాలో నీ దగ్గర ఆకువైద్యం నేర్చుకున్న పెద్దవాళ్లకు పరీక్ష పెట్టాను. నువ్వు మందులు నూరిన కల్వం ఎవరికివ్వాలో తేలక ఇన్నాళ్లూ దేవుడి దగ్గరే ఉంచాను.

నువ్వు చేసినట్టే తొమ్మిది మందాకుల మధ్య ఎవరికీ తెలియని కొండాకు ఒకటి కలిపి, పేర్లు రాయమన్నాను. అందరూ దానికి ఏదో ఒక పేరు రాసేశారు. కుప్పంలో కూరగాయలమ్మే మునెప్ప మాత్రం దాన్ని నలిపి, వాసన చూసి, పక్కన పెట్టేశాడు.

“ఏమప్పా, దినామూ ఆకుకూరలమ్ముతాండావు, ఈ ఆకు తెలీదా?” అని పుంగనూరు దర్జీ రహీం నవ్వాడు.

“తెలీదప్పా. తెలుసునని రాస్తే రేపు ఎవురి నోట్లోనో పడతాది” అంటూ, మునెప్ప ఆ వరుస ఖాళీగా వదిలి కాగితం ఇచ్చేశాడు.

నీ పరీక్ష అదే కదా, నాయనా! కల్వం తెచ్చి అతని చేతుల్లో పెట్టాను. రహీమే ముందు చప్పట్లు కొట్టాడు.

“ఇంతకీ అది ఏం ఆకక్కా?” అని అందరూ అడిగారు. నాకూ తెలియదని చెప్పాను.

నీకు తెలిసే ఉంటుంది.

పెద్దక్క