సోమవారం ఎప్పటిదాకా

షాద్‌నగర్ దిక్కు, 1949

ప్రేమగల భద్రమ్మక్కకు, తమ్ముడు రామచంద్రం దండాలు.

ఈ చీటి గాజుల బీరమ్మతో పంపుతున్న. చదివి పొయ్యిల వెయ్యి. సోమవారం తెల్లారకముందు వేగుచుక్క పొడిచే యాళ్లకు మర్రిగూడ మోటబావి కాడికి రమ్మన్నది బావనే. మా దళంల కిష్టయ్యను తోడు తీసుకొని వచ్చిన. బావ లేడు, పోలీసులున్నరు. నేను తప్పించుకున్న. కిష్టయ్యను చప్పుడు లేకుండ పట్టుకపోయిండ్రు. మేం వచ్చేది బావకు తప్ప ఎవ్వరికి ఎరుక? నోరు రాదు గాని, నాకు ఆయన మీదనే అనుమానం. ఒక కన్నేసి ఉంచు.

నీ తమ్ముడు

చిరంజీవి రామచంద్రానికి అక్క దీవెనలు.

నీ మీద మస్తు కోపమొచ్చింది. కోపం దిగినంక నాకూ అనుమానం పట్టింది. సోమవారం పొద్దెక్కేదాకా గుర్రుపెట్టి పండుకున్నోడు, మంగళవారం చీకట్లనే లేచి బావి దిక్కు పోయిండు. తిరిగొచ్చి, "మీ తమ్మునికి మాట మీద నిలబడుడు తెల్వదు" అని గులిగిండు. నాటకమాడుతున్నడా? మెల్లగ అడుగుత. అందాక ఎవ్వరికీ చెప్పకు.

నీ మేలు కోరే అక్క

అక్కా,

చెప్పకుండ ఎట్లుంటనే? కిష్టయ్య ఏమైండని దళం వాళ్లు అడిగితే చెప్పేసిన. మంగళవారం బావ పోయింది ఇనాం మాట్లాడుకునేందుకే అంటున్నరు. నువ్వు పిల్లలను తీసుకొని ఆత్మకూర్ల చిన్నమ్మ ఇంటికి పో. బావకు మాత్రం చెప్పకు.

రామచంద్రం

రామచంద్రానికి,

నీ చీటి అందకముందే మీ దళం వాళ్లు వచ్చిండ్రు. దానికి ముందు దినమే ఆయన్ని అడిగిన. నవ్విండు. "ఆదివారం పొద్దు పొడిచినప్పుడు సూర్యుని హోర. గాడికెల్లి గంటకొక గ్రహం వంతు. మల్ల పొద్దు పొడిచేసరికి చంద్రుని వంతొస్తది, గందుకే గది సోమవారమైంది. మంగళారం పొద్దు పొడిచేదాక సోమారమే గదా. మీవోడు రైలు స్టేషన్ల పనిజేసిండు, గడియారం పన్నెండు కొడితె దినం మారిందంటడు" అన్నడు. పోలీసులు ఆదివారం గస్తీ తిరిగి ఆ బావికాడ్నే పండుకుంటరు. వాళ్లు పోయినంక రమ్మన్నడు నిన్ను. సోమవారం రాత్రి దాటి చుక్క పొడిచినంక అని ఆయన లెక్క. నువ్వు పోయిన యాళ్లకు ఆయన లెక్కల ఇంక ఆదివారమే.

మీ వాళ్లు వచ్చి, రామచంద్రం రమ్మంటున్నడన్నరు. పంచాంగం చూడంది గడప దాటని మనిషి. జర ఆగుమన్న. "బామ్మర్ది పిలిస్తె పంచాంగమేందే" అనుకుంట చెప్పులేసుకున్నడు. మాపటికి గుట్టకాడ పీనుగై దొరికిండు.

పదోదినానికి రాకు. పోలీసులు పట్టుకుంటరని కాదు. నీ మొకం నేను చూడలేను.

భద్రమ్మ