రెండుసార్లు తీసేసిన అంకె

మార్చి 18, మంగళవారం

ప్రియమైన స్నేహితురాలికి,

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయబోయి ఆగాను. బాగాలేవని తెలిసినా చేతికి అంత అలవాటు.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఫోనెత్తవేమే, చచ్చావా బతికావా అని మొదటి వాక్యంలోనే తిట్టావు. బతికే ఉన్నాను. రోజూ కాగితం తీసి, ఏం రాయాలో తేలక మడిచి పెట్టేశాను. నా సంగతి నీకు తెలియనిదా.

పదకొండేళ్ల ల్యాబు. పేడైనా, కూరగాయల చెత్తైనా, హోటళ్ల ఎంగిలైనా దాన్నుంచి ఎంత మీథేన్ వస్తుందో నువ్వు చెబితే, ఆ మాట నమ్మి జనం గ్యాస్ ప్లాంట్లు కట్టుకున్నారు. అలాంటిది ల్యాబులకి అనుమతులిచ్చే కమిటీ ఒక్క వాక్యంతో నీ అనుమతి తీసేసింది. పరీక్షకని మా ల్యాబుతో సహా అన్నిటికీ ఒకే పొడి పంపి, గ్రాముకి ఎన్ని మిల్లీలీటర్ల మీథేన్ వస్తుందో ఎవరికి వారు కొలవమన్నారు. అందరూ 350 దరిదాపుల్లో ఉంటే నువ్వు 296 రాశావు. వరసగా రెండోసారి తప్పావు.

ఒకరి అంకె ఒకరు అడగకూడదు. అంకెలు పంపే గడువుకి తొమ్మిది రోజుల ముందు నువ్వు ఫోను చేసి అడిగావు. నాకు 290 అన్నాను. నీకు 358 అన్నావు. పోయినసారి ఎక్కువ చూపించి హెచ్చరిక తిన్న భయం నీది. నవ్వి, నీ జబ్బు నాకూ అంటుకుందే అన్నావు. ల్యాబు పుస్తకంలో 358 కొట్టేసి 296 వేసిన సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

ఆ జబ్బుకి పేరు పెట్టింది కూడా నువ్వే. కాలేజీలో క్లాసంతా వింటుండగా, దీని చేతికి సీసా ఇస్తే గ్యాస్ పుట్టదు సార్, అనుమానం పుడుతుంది అన్నావు. సారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్లుగా అందరికీ నేను అనుమానాన్నే.

ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం, పొట్లాలు తేమ పట్టాయని ఇద్దరం కలిసి అప్పీలు రాస్తే మళ్లీ పొడి పంపుతారు అని ఉత్తరంలో అన్నావు. ఒక్కదాన్నే వెళ్తే నవ్వుతారు, నీ సంతకం వచ్చేదాకా నాదీ పంపను అన్నావు. నేను సంతకం పెట్టలేను. నువ్వు నీ సీసాల్ని నమ్మాల్సింది. ఈ మాట అనే అర్హత నాకుందా అని నాలుగుసార్లు కొట్టేసి, మళ్లీ అదే రాస్తున్నాను.

నీ దగ్గర సీసాలు కడిగిన పెద్దావిడ మా దగ్గర చేరింది. మావి వెలుగుకి ఎత్తి చూసి, మా అమ్మగారైతే ఇవన్నీ మళ్లీ కడిగించేది అంది. నాకు కోపం రాలేదు. కొంచెం వచ్చింది.

వేళకి తిను. పడుకో.

నీ
అనుమానం

తా.క.: నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు నాకు వచ్చింది 290యే. మర్నాడు లెక్క మళ్లీ చూశాను. పొడి వేయకుండా, గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవుల బురద ఒక్కటే పోసిన సీసాల్లో వచ్చిన గ్యాస్‌ను మొత్తంలోంచి తీసేయాలి కదా. తీశానో లేదో అని రెండుసార్లు తీసేశాను. సరిచేస్తే 356. అదే పంపాను, నెగ్గాను. నీకు చెప్పడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఎనిమిది రోజులూ ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు చేయలేదంటే, క్లాసులో ఆ నవ్వు వల్ల అని రాస్తే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

అప్పీలు గడువు నిన్న సాయంత్రం ఐదింటికి ముగిసింది. కావాలంటే ఈ ఉత్తరం కమిటీకి చూపించు. అంకెలు చెప్పుకున్నందుకు నన్ను మందలిస్తారు. అంకె మార్చినవాళ్లని మాత్రం ఇక ఏ ల్యాబు గడపా తొక్కనివ్వరు. నువ్వు అంకె మార్చిన సంగతీ ఇందులోనే రాశాను, చూసుకో.