ఐదో నంబరు సీసా

ఇందుమూలముగా సంగం గ్రామ వాస్తవ్యులకు, పెన్న ఒడ్డున బట్టలు ఆరేసుకునే సకల జనులకు తెలియజేయడమేమనగా: తోటపల్లి గూడూరు దాటి, సముద్రానికి కూతవేటు దూరంలో కాపురముంటున్న దానియేలు అను నేను, ఇక్కడికి వచ్చిన నాటినుంచి నేటివరకు పూర్తిగా ఆరిన బనియను ఒక్కటి కూడా తొడిగి ఎరుగను. ఈ గాలి ఉతికిన గుడ్డకు మళ్ళీ ఉప్పు పెడుతుంది, ఊరగాయకు పెట్టినట్టు. ఈ విషయమై అభ్యంతరాలు గలవారు నేరుగా సముద్రానికే రాసుకోవలెను.

అక్కా, నీకూ బావకూ తమ్ముడి వందనాలు. ఫోను ఉండగా ఉత్తరమేందిరా అనుకుంటావు. ఫోనులో అయితే నేను రెండో మాట ఆడేలోపే "ఏదో చేసినావు, చెప్పు" అంటావు. కాగితంలో నా నవ్వు వినపడదు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావకు దగ్గు తగ్గిందా? మన మందిరంలో మైకు ఇంకా అయ్యగారికంటే ముందు కూస్తోందా? అందరూ క్షేమమని రాస్తే ఇక్కడ నాకు అన్నం సయిస్తుంది.

నా ఒళ్ళు బాగుంది. నిజంగానే బాగుంది. నేను వచ్చేటప్పుడు నువ్వు పాత తువాలులో చుట్టి ఇచ్చిన ద్రాక్షరసం సీసా కూడా భద్రంగా ఉంది. మూతకు పోసిన మైనం చెక్కు చెదరలేదు. "మందిరం లేని చోట పడితేనో, మంచాన పడితేనో ఒక గుక్క తీసుకొని ప్రార్థన చేసుకో" అన్నావు. మందిరం దొరికింది, మంచాన పడలేదు. కనుక సీసా సంచిలో అలాగే ఉంది. దాని గురించి దిగులు పెట్టుకోవద్దు.

పని కూడా బాగుంది. మన వరికి నీళ్ళు కట్టి ఇంటికొచ్చి పడుకునేవాళ్ళం. ఇక్కడ రొయ్యలకు నీళ్ళు చాలవు, గాలి కూడా కావాలి. గుంటలో చక్రాలు తిరుగుతూ నురగ కొడుతుంటాయి. కరెంటు పోతే పరిగెత్తి జనరేటరు వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్యలు నీళ్ళ మీదకు తేలతాయి, ఓనరు నా మీదకు తేలతాడు. మనుషులకు ఇంత చాకిరీ చేసి ఉంటే ఈపాటికి నాకు రెండో పెళ్ళి అయ్యుండేది.

కుదురు మాత్రం లేదక్కా. కూర్చుంటే లేవాలని, లేస్తే పోవాలని ఉంటుంది. శనివారం పొద్దున సంచి సర్దుతాను, సంగం బస్సు ఎక్కేద్దామని. ఆదివారం ఆరాధన అయ్యాక విప్పుతాను. మళ్ళీ శనివారం సర్దుతాను. కరుణమ్మ అవ్వ అది చూసి, "ఆ సంచికి నోరుంటే నిన్ను దుమ్మెత్తి పోసుండేది గదరా" అంటుంది.

కరుణమ్మ అవ్వంటే నేను అద్దెకున్న ఇంటామె. డెబ్బై దాటినాయి. పక్క గది నాకిచ్చింది. అద్దె మనిషికి అన్నం పెట్టే ఒప్పందమేమీ లేదు, అయినా నేను గుంట మీదనుంచి వచ్చేసరికి చేపల పులుసు గిన్నె నా గడపలో ఉంటుంది. పైన మూత, మూత మీద రాయి, రాయి పక్కన పిల్లి. పిల్లికి నామీద చెప్పలేనంత కోపం. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేది అవ్వొక్కతే. మిగతావాళ్ళకు నేను "సంగమాయన".

ఈ ఊరి మందిరంలో నెలకోసారి, మొదటి ఆదివారం, అందరూ తలా గుక్క తీసుకునే ప్రభు బల్లకు ద్రాక్షరసం కాచేది అవ్వే. నువ్వు అక్కడ చేసినట్టే ఆమె ఇక్కడ. నల్ల ఎండు ద్రాక్ష నానేసి, ఉడకబెట్టి, గుడ్డలో పిండి, వడగట్టి. మొగుడు పోయినప్పుడు కూడా ఆ నెల బల్లకు రసం ఆపలేదంట. అయితే ఈమధ్య ఆమెకు మరుపు ఎక్కువైంది. పోయిన బల్లకు ద్రాక్ష నానేసి, ఉడకబెట్టినాననుకొని అట్నే వడగట్టింది. అది జాడీలో కూర్చొని పులిసి పొంగింది. ఆదివారం అందరం తలలు వంచుకొని చిన్న గ్లాసులు ఎత్తాం. దించీ దించకముందే ముందు వరసలోనుంచి పెద్ద తేన్పు వినపడింది. రత్నం మాస్టారిది. సంఘ పెద్ద ఆయన, బడిలో రిటైరయినాడు, మాట్లాడటంలో ఇంకా కాలేదు.

ఆరాధన అయ్యాక మెట్ల మీదే అందుకున్నాడు. "ఇది రసం గాదు, సారా. ఇకమీదట సీలేసిన సీసా తెప్పిద్దాం. సరసమైన రెడ్డువైను బజార్లో కావాల్సినంత దొరకతాది."

నేను ఊరుకుంటానా? "మాస్టారూ, పొంగిందని అవ్వను తిడితిరి. పొంగబెట్టి అమ్మేదాన్ని కొనుక్కొస్తారా?"

"అది పద్ధతిగా పొంగిస్తారు దానియేలూ."

"పద్ధతిగా తేన్పులు కూడా వస్తాయా మాస్టారూ?"

అందరూ నవ్వారు, అవ్వ తప్ప. ఇంటికొచ్చి పులుసు పెట్టలేదు. పెట్టె తెరిచి చీరలు మడత పెట్టుకుంటూ కూర్చుంది. "మద్రాసులో బిడ్డ రమ్మంటానే ఉండాది. ఆ పని నా చేతిలోంచి పోయినాక ఈ ఊళ్ళో నేనెందుకబ్బయ్యా, ఆ పిల్లికి కాపలాకా?" అంది. ఆ ఇంట్లో నా సంచి ఒక్కటే కట్టి ఉండేది. ఇప్పుడు ఆమె పెట్టె కూడా. ఆమె పోతే ఇంటికి తాళం పడుతుంది, నేను గుంట మీద మోటారు షెడ్డులోకి పోవాలి. అన్నం మాట వదిలెయ్. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరు?

మందిరం కమిటీవాళ్ళకు వైను తెప్పించాలని ఉంది గానీ, ఏ వైను బాగుంటుందో చెప్పేవాడు లేడు. తెలుసంటే తాగినట్టు లెక్క గదా. అందరూ నా వైపు తిరిగినారు. "నువ్వు నాలుగూళ్ళు తిరిగినోడివి" అన్నారు ఈ ఊరి అయ్యగారు మర్యాదగా. నీ తమ్ముడికి దక్కిన మర్యాద అది. సరేనని నేనే నెల్లూరు పోయినా. వైన్ షాపు ముందు నిలబడి రెడ్డువైను కావాలంటే ఆ కౌంటరు మనిషి నన్ను పైనించి కిందికి చూసినాడు. "అన్నా, ఈడ వైను అడిగినోడివి నువ్వే. జొరమా?" అన్నాడు. లోపలికి పోయి దుమ్ము దులిపి నాలుగు రకాలు తెచ్చినాడు. నాలుగూ చవకవే.

పరీక్ష ఎక్కడ పెట్టాలి? మందిరంలో కుదరదు. అయ్యగారింట్లో అంటే వాళ్ళావిడ గరిటె తిప్పింది. చివరకు నా గదిలోనే, గుంట మీద పని లేని మధ్యాహ్నం. తలుపు మూసి, కిటికీ మూసి, పైన ఫ్యాను ఉప్పు పట్టి మూలుగుతుంటే అయ్యగారు, రత్నం మాస్టారు, నేను చాప మీద కూర్చున్నాం. ఏది ఏ కంపెనీయో తెలియకుండా సీసాలకు పేపరు చుట్టి అంకెలు వేశాను. మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోను బొరుగులు పెట్టాను. మాస్టారు సుద్దముక్క తెచ్చుకొని తలుపు వెనక పదికి మార్కులు వెయ్యడానికి గీతలు గీశాడు. నాలుగు సీసాలని చెప్పాను, ఐదు పెట్టాను. మాస్టారు లెక్కపెట్టి "ఇదేంది?" అన్నాడు. "కొసరు" అన్నా.

ఆ ఐదోదాంట్లో ఉన్నది, అక్కా, అవ్వ మళ్ళీ కొత్తగా కాచిన రసం. వంటింటి జాడీలోంచి నేనే దొంగతనంగా పోసుకొచ్చినా. అవ్వకు కూడా చెప్పలేదు.

ఒకటో నంబరు పోశాను. గ్లాసులు మందిరంలోవే, బొటనవేలంత. గ్లాసు చేతికి రాగానే ఏమైందనుకున్నావు? ముగ్గురం కళ్ళు మూసుకున్నాం! తలలు వంగినాయి. ఎవరూ తాగరు. అయ్యగారు ప్రార్థన చేస్తారని మాస్టారు, ఎవరైనా కీర్తన ఎత్తుకుంటారని అయ్యగారు, నవ్వొస్తుందని నేను. ఆఖరికి అయ్యగారు ప్రార్థన చేసే చేశారు. ముగ్గురం ఒక్క గుక్కలో గుటుక్కుమనిపించి గ్లాసులు బోర్లించాం. పుట్టిన కాడినుంచి అలవాటు, ఏం చేస్తాం?

"రుచి ఎట్లుంది?" అన్నాను.

"ప్రార్థన చేసి తీసుకున్నదానికి తక్కువ మార్కులు ఎట్లేస్తాం నాయనా?" అన్నారు అయ్యగారు. పదికి పది. రెండో నంబరుకూ అదే భక్తి, పదికి పది. రెండూ సమానంగా పాసయినాయి.

"ఇట్లయితే వంకాయల బేరానికి కూడా పనికిరాము. ఈసారి కళ్ళు తెరిచి తాగాల. ఎవురన్నా ఆమేన్ అంటే బయటికి పంపిస్తా" అన్నాను. మళ్ళీ మొదటినుంచి. ఈసారి నిజంగా రుచి చూశాం. ఒకటోది కాయ నేరేడు నమిలినట్టు నాలుకను కట్టేసింది. నాలుగిచ్చాం. రెండోది తడిసిన గోతాం వాసన. అయ్యగారు జాలిపడి మూడిచ్చారు, నేను రెండు కొట్టేశాను. మూడోది చంటిబిడ్డల దగ్గుమందు, తియ్యగా. మాస్టారు ఏడు ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి పోయించుకున్నాడు. నాలుగోది కాస్త గౌరవమైంది, చింతపండు ఎక్కువైన పులుసులా మొదట ముఖం ముడుచుకొని తరవాత కలిసిపోతుంది. ఐదిచ్చాం. అప్పటికి మాస్టారికి ఇంగ్లీషు వచ్చింది. అయ్యగారు గోడకు ఆనుకొని ఏదో రాగం తీస్తున్నారు.

ఐదోది పోశాను. మాస్టారు చప్పరించి ఆగాడు. ఇంగ్లీషు ఆగిపోయింది. మళ్ళీ చప్పరించాడు.

"ఇది... మా అమ్మ పక్కన నిలబడి తీసుకున్న మొదటి బల్ల మాదిరుంది దానియేలూ. ఏ కంపెనీ?"

"మీరే చెప్పండి."

"ఖరీదైనదే. ఇది మనకు అందదులే" అంటూ తలుపు మీద పది వేసి, కింద రెండు గీతలు కొట్టాడు. అయ్యగారు రాగం మానేసి తలూపారు. నేను లేచి తలుపు తీసి, "కరుణమ్మ అండ్ కంపెనీ, తోటపల్లి గూడూరు మండలం. ఖరీదు అడగాలంటే వంటింట్లో అడగండి" అన్నాను. మాస్టారి ముఖం చూడాల్సింది నువ్వు! సుద్దముక్క జేబులో వేసుకోబోయి బొరుగుల్లో వేశాడు. అయ్యగారు పొట్ట పట్టుకొని నవ్వి, "వచ్చే మొదటి ఆదివారం బల్లకు కరుణమ్మగారే. ఇంక మాటల్లేవు" అన్నారు. అవ్వను పిలిచి ఆమెకూ ఒక గ్లాసు ఇచ్చాం. ఆమె అంచు నాలుకకు ఆనించి, నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషంతో మాట రాలేదని అందరూ అనుకున్నారు.

అదీ సంగతి. మిగిలిన నాలుగు సీసాల సంగతి అడగొద్దు. మాస్టారు "పారబోస్తా" అని తీసుకుపోయినాడు. మర్నాడు బడి పిల్లలెవరికో ఉచితంగా ఇంగ్లీషు చెప్పినాడంట.

ఒక చిన్న కోరిక. నువ్వు సముద్రం చూసి చాన్నాళ్ళయింది గదా, మొదటి ఆదివారానికి నాలుగు రోజుల ముందే ఒకసారి వచ్చిపో. ఊరికే. వచ్చేటప్పుడు మనవైపు నిమ్మకాయ ఊరగాయ, ఆరిన బనియన్లు రెండు తీసుకురా. బావకు, అత్తమ్మకు, మన సంఘంలో పెద్దలకు పేరుపేరునా వందనాలు. మన అయ్యగారిని నాకోసం కుదురు అడిగి ప్రార్థన చెయ్యమను. నన్ను తిట్టుకునేటప్పుడు కూడా దీవించే తిట్టు.

నీ చేతి మొట్టికాయలకు దూరమై నెత్తి చదునైన తమ్ముడు,
దానియేలు

తా.క. సంతకం పెట్టేశాను కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. అవ్వ కొత్తగా రసం కాచిందని రాశాను చూడు, అది పూర్తిగా నా కల్పన. జాడీలో ఏమీ లేదు. ఆమె రెండోసారి కాచబోయి అడుగంటించి, ఏడ్చి, జాడీ కడిగి బోర్లించింది. ఐదో నంబరు పేపరు లోపల ఉన్నది నువ్వు తువాలులో చుట్టి ఇచ్చిన సీసా. మైనం నేనే గీకాను. పదికి పది నీ చేతికి వచ్చినాయి.

అవ్వకు నాలుక తగలగానే తెలిసిపోయింది. వాళ్ళు పోయినాక నా చెవి పట్టుకుంది. "ఎవురి చేతిదిరా ఇది?"

"మా అక్కది."

"అబద్ధం మీద బల్ల పరచను. ఆమెను పిలిపీ. పక్కన నిలబడి ఇప్పుడు ఇది, తరవాత అది అని చెప్పేవాళ్ళుంటే నా చెయ్యి చేస్తాది. రాకపోతే అయ్యగారికి నేనే చెప్పేసి మద్రాసు పోతా."

పెట్టె ఇంకా మూయలేదు, తెరిచే ఉంది. నువ్వొస్తావా రావా అని పొద్దునా సాయంత్రం అడుగుతోంది. నేను మాత్రం ఈ శనివారం సంచి సర్దలేదక్కా. సీసా తీశాక దాంట్లో మిగిలినవి రెండు బనియన్లే. వాటిని ఉతికి తీగ మీద వేశాను. అవి ఆరేదాకా నేనెక్కడికీ కదిలేది లేదు. నువ్వే రా.